వెనక మోత

సంచి అడుగున ఉన్న మూత తిప్పి గాసి పసుపు మొక్కల పక్కన గొంతుక్కూర్చున్నాడు. లోపలి పసరు ముందు చుక్కలుగా, తర్వాత సన్నటి ధారగా గోతిలోకి దిగింది. ముదురు పసుపు, అంచున కాస్త ఆకుపచ్చ. మంచు ఇంకా విడలేదు. దడి అవతల ఏముందో కనపడటం లేదు గానీ, కాఫీ పండ్ల తొక్క పులిసిన వాసన మాత్రం ఊరంతా పరుచుకుని ఉంది. ధార ఆగాక మూత బిగించాడు. గోతిలో పిడికెడు బూడిద చల్లి, సంచిని మోకాలి పక్కన పట్టుకుని మెల్లగా లేచాడు. లేచిన వెంటనే నడవడు. గుండె దడ తగ్గేదాకా దడికర్ర పట్టుకుని నిలబడతాడు.

“అయిందేటి నీ తోక కడగడం?” గుమ్మంలోంచి సోములమ్మ అడిగింది.

“అయింది.”

“ఇన్నాళ్ళూ తోకలేని కోతితో కాపరం సేసినాను. ఇప్పుడు తోక కూడా వచ్చీసింది.”

గాసి నవ్వలేదు గానీ ముఖం కొంచెం వదులైంది. ఆ మాట ఆమె రోజూ అంటుంది. అనని రోజున ఆమె భయపడుతోందని అతనికి తెలుస్తుంది.

అతని కుడి పక్కన, పక్కటెముకల మధ్య అతికించిన పట్టీ కిందనుంచి సన్నటి గొట్టం బయటికి వస్తుంది. దాని చివర సంచి. చూసినవాళ్ళంతా ఉచ్చసంచి అనుకుంటారు. కాదని చెప్పడం అతను మానేశాడు. బక్క మనిషి. ఒకప్పుడు కండ ఉన్న చోటల్లా ఇప్పుడు చర్మం జారి ఉంది. కుడి భుజం ఒక్కటి మాత్రం మారలేదు. మెడకూ భుజానికీ మధ్య నిమ్మకాయంత కాయ, నల్లగా, గట్టిగా ఉంది. వయసంతా డోలీ కర్ర ఆనిన చోటు అది.

జాకరపుట్టుకు రోడ్డు లేదు. కింది నుంచి వచ్చిన మట్టి రోడ్డు గెడ్డ అనే కొండవాగు దగ్గరే ఆగిపోయింది. ఊళ్ళో ఎవరికి నొప్పులొచ్చినా, జ్వరం తిరగబెట్టినా, పాము కరిచినా, లావుపాటి వెదురు కర్రకు దుప్పటిని ఊయలలా కట్టి, అందులో పడుకోబెట్టి, ఇద్దరు మోసుకుని గెడ్డ దాకా దించాలి. ముందు మోత మల్లేశుది. వెనక మోత గాసిది. ఇద్దరూ ఒకే ఎత్తు, ఒకే అడుగు. పోడు పని, కాఫీ పని ఊళ్ళో అందరూ చేసేదే. గాసి అంటే మాత్రం వెనక మోత. దానికి కూలీ లేదు. ఎవరో పరుగెత్తుకొచ్చి పిలుస్తారు, చేతిలో పని వదిలేసి వెళ్తాడు, మోస్తాడు, తిరిగొచ్చి వదిలిన చోట మళ్ళీ అందుకుంటాడు. అంతే.

వానలు వెనకపట్టే రోజుల్లో అతనికే వచ్చింది. కుడి డొక్కలో నొప్పి, చలిజ్వరం, మింగిన గంజి లోపల నిలవకపోవడం. విశాఖలో డాక్టర్లు పిత్తాశయమన్నారు, రాళ్ళన్నారు, చీము పట్టిందన్నారు. గాసికి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెంట వెళ్ళిన ఆశా కార్యకర్త హేమలత మంచం మీదికి వంగి చెప్పింది.

“సేదుకట్టు తాతా. మేకని కోసినప్పుడు పగలకుండా తీసి పారేస్తారే, అది. నీది వాచిపోయి చీము పట్టింది.”

“అయితే నాదీ తీసి పారీమను.”

“తియ్యాలంటే మత్తిచ్చి కొయ్యాలి. నీ గుండె సగం బలంతోనే కొట్టుకుంటంది. బల్ల మీదే పోతావంటన్నారు.”

కొయ్యలేక, పక్కలోంచి సూదితో దారి చేసి, గొట్టం దింపి, చీము బయటికి తీశారు. జ్వరం దిగింది. గొట్టం మాత్రం ఉండిపోయింది.

అసలు కష్టం తిరుగు దారిలో వచ్చింది. గెడ్డ దగ్గర డోలీలో పడుకోబెట్టినప్పుడు, మేనల్లుడు ఫల్గుణ సంచిని పైన కర్రకు కట్టాడు. డోలీలో పోయే మనిషి చెప్పులు, నీళ్ళ సీసా, ఆసుపత్రి కాగితాలు, ఏవైనా కర్రకే కడతారు. కింద వేలాడితే రాళ్ళకు తగులుతాయి, తుప్పలు లాగేస్తాయి. ఎత్తున ఉంటేనే పదిలమని ఊళ్ళో పసివాళ్ళకు కూడా తెలుసు. సంచి ఎప్పుడూ కడుపుకంటే కిందే ఉండాలని విశాఖలో నర్సు చెప్పింది హేమలతకు. ఆ హేమలత ఏదో మీటింగుందని పాడేరులో దిగిపోయింది. దిగే తొందరలో ఆ మాట చెప్పడం మరిచిపోయింది. కొండ ఎక్కినంతసేపూ సంచిలోది వెనక్కి కడుపులోకి జారుతూనే ఉంది. ఇంటికొచ్చేసరికి గాసి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. మళ్ళీ డోలీ, మళ్ళీ విశాఖ. ఈసారి లేచి కూర్చోడానికే చాలా రోజులు పట్టింది. గుండెకు మిగిలిన బలంలో ఇంకొంత పోయిందన్నారు.

అప్పటినుంచి ఫల్గుణ నోరు మూతపడింది. వస్తాడు, కట్టెలు చీల్చి పడేస్తాడు, గెడ్డ నీళ్ళు తెచ్చి పోస్తాడు, తల వంచుకుని వెళ్ళిపోతాడు. గాసి అతన్ని ఏమీ అనలేదు. ఏం అనాలో తెలియక ఊరుకున్నాడు. ఒకరోజు తోటలోంచి కొంకిలా వంగిన ఎండు కాఫీ కొమ్మ ఒకటి ఏరుకొచ్చి, బెరడు తీసి, గాజు పెంకుతో నున్నగా గీశాడు. నీలం ప్లాస్టిక్ తాడును కర్రకు కట్టి, దుప్పటి కిందుగా తిప్పి, అడుగున ఆ కొక్కేన్ని బిగించాడు. సంచి తగిలించడానికి. రాళ్ళకు తగలనంత పొట్టిగా. పని అయ్యాక డోలీని చూరు కిందికి ఎత్తి పెట్టమని ఫల్గుణనే పిలిచాడు. ఫల్గుణ కొక్కేన్ని చూశాడు. వేలితో ఒకసారి తడిమాడు. ఎత్తి పెట్టి వెళ్ళిపోయాడు.

ఇవాళ పాడేరు వెళ్ళాలి. గొట్టం సంగతి ఏదో ఒకటి తేలుస్తామన్నారు. గాసి లోపల్లోపల ఎప్పుడో తేల్చుకున్నాడు. నోట్లోంచి పంపి లోపలే వేసే గొట్టం ఒకటుందని హేమలత చెప్పింది. అది వేస్తే బయట సంచి ఉండదు. ఒక్కసారి వెళ్ళొస్తే చాలు. ఈ సంచి ఉన్నంతకాలం మూడేసి నెలలకు గొట్టం మార్చాలి. మార్చాల్సినప్పుడల్లా ఇద్దరు మొయ్యాలి, వాళ్ళు అలిసిపోతే మార్చుకోడానికి ఇంకో ఇద్దరు. కాఫీ పండు ఎర్రబడి రాలుతున్న రోజుల్లో నాలుగు సంసారాలు తోట వదులుకోవాలి. ఎవరూ కాదనరు. కాదనరనే అతనికి సిగ్గు. ఊరందరినీ మోసినవాడు ఇక బతికినంతకాలం ఊరి చేత మోయించుకోవడం. ఆ సిగ్గు ముందు చావు అతనికి పెద్దగా కనపడలేదు.

సోములమ్మ చోడి అంబలి చల్లార్చి గిన్నెలో పోసింది. అతను సగం తాగి పెట్టేశాడు.

“డాకటరమ్మకి ఏటి సెప్తావు?” అందామె.

“సంచి ఒద్దని సెప్తాను.”

“సంచుంటే ఏటి? నాను కడుగుతన్నాను గదా. సంచున్నా మనిషుంటాడు.”

“మనిషిని మొయ్యాలి గదే.”

సోములమ్మ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళింది. మళ్ళీ వచ్చినప్పుడు అతని చొక్కా గుండీలు తనే పెట్టింది. తోక మాట ఎత్తలేదు.

ఊరి చివర మల్లేశు కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. మోకాళ్ళు పోయి అతను మోత మానేసి చాలాకాలమైంది. ఫల్గుణా, పక్కింటి ధర్మా డోలీ భుజాన వేసుకుని వెనక వస్తున్నారు. డోలీ ఖాళీగా ఊగుతోంది. దాని ముందు గాసి సంచిని చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు.

“ఏటిరా గాసీ, పెళ్ళికొడుకు పల్లకీ ఎక్కనని అలిగినాడేటి?”

“నడిసెల్తాను.”

“నడు, నడు. జీలుగు బండ కాడ నిన్ను ఏరుకోడానికి గంప పంపిస్తాను.”

“నీ మోకాళ్ళు ముందు ఏరుకో.”

మల్లేశు నోరంతా తెరిచి నవ్వాడు. నవ్వుతూనే ఫల్గుణ వైపు తిరిగి, “బేగి ఎక్కించీండిరా. ఆడికి పొగరు” అన్నాడు గొంతు తగ్గించి.

దారిలో డోలీ దించుకోడానికి మూడు చోట్లున్నాయి. మొదటిది జీలుగు చెట్టు కింద బండ. రెండోది పనస బండ. మూడోది గెడ్డ ఒడ్డున. మూడూ నడుమెత్తున, నున్నగా ఉంటాయి. ఎవరూ చెక్కింది కాదు. దించీ దించీ అరిగాయి. జీలుగు బండ కనపడేసరికి గాసికి ఊపిరి అందలేదు. చెట్టు దాకా వెళ్ళి, బండ మీద కూర్చుని, సంచిని కిందికి వేలాడదీసి, తల వంచుకున్నాడు. ఫల్గుణ డోలీ తెచ్చి పక్కన పెట్టాడు, దుప్పటి విప్పి పట్టుకున్నాడు. గాసి ఎక్కాడు. సంచి అందుకుని ఫల్గుణ వంగి, దుప్పటి కింద కొక్కేనికి తగిలించాడు. తగిలించాక రెండుసార్లు లాగి చూశాడు.

ధర్మ ముందు. ఫల్గుణ వెనక.

దిగుడులో మనిషి కాళ్ళు ముందుకుంటాయి, తల వెనకవాడి ఛాతీ దగ్గరుంటుంది. పోయినసార్లు గాసి జ్వరం మత్తులో ఉన్నాడు, ఏదీ చూడలేదు. ఇవాళ చూస్తున్నాడు. తలకిందులుగా ఫల్గుణ గడ్డం, దాని కింద చెమట, పైన వెదురు కర్ర, ఆ పైన మంచులోంచి ఒక్కొక్కటే బయటికొచ్చి వెనక్కి పోతున్న సిల్వరోక్ చెట్లు. మోసేటప్పుడు ఆ చెట్లని అతనెప్పుడూ చూడలేదు. దారి చూడటం ముందువాడి పని. వెనకవాడు డోలీలో మనిషిని చూడాలి.

చూడటమే కాదు, మాట్లాడాలి. నొప్పుల మనిషికి ధైర్యం చెప్పాలి, జ్వరం మనిషిని నిద్రపోనివ్వకూడదు, పాము కాటు మనిషిని తిట్టయినా సరే కళ్ళు తెరిపించాలి. గాసి మామూలుగా పెద్ద మాటకారి కాదు. సంతలో బేరం కూడా సోములమ్మే ఆడాలి. కర్ర భుజానికెక్కితే మాత్రం ఎక్కడలేని కబుర్లూ వచ్చేవి. దించగానే ఆగిపోయేవి.

ఇంకొకటుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు. మోతలో ఉన్నవాళ్ళకే తెలుసు. దారి మధ్యలో మనిషి పోతే వెనకవాడు ఆ మాట పైకి అనకూడదు. అంటే ముందువాడి అడుగు తడబడుతుంది. పక్కన లోయ. పోయిన మనిషిని దారి మధ్య నేల మీద దించకూడదు కూడా. అందుకని బండ వచ్చేదాకా వెనకవాడు మాట్లాడుతూనే ఉండాలి, అంతకుముందు మాట్లాడినట్టే. తవిటమ్మని దించిన రోజు గాసి అలాగే చేశాడు. ఆమె పనస బండ దాటగానే పోయింది. గెడ్డ దాకా ఆమె కోడిపుంజు గురించే చెప్పాడు. అది ఎవరి పెరట్లో దూరిందో, ఎవరి పళ్ళెంలో అన్నం తిన్నదో, ఎవరిని తరిమిందో. గెడ్డ బండ మీద దించాక మల్లేశు వెనక్కి తిరిగి చూసి, అక్కడే కూలబడ్డాడు.

“ఎప్పుడురా?”

“పనస బండ కాడ.”

“నువ్వా పుంజు కత సెప్తంటే నాను నవ్వుకుంటా నడిసినాను గదరా.”

ఆ తర్వాత ఇద్దరూ కొన్నాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు.

“ఒరే అల్లుడా,” అన్నాడు గాసి, కింద నుంచి.

“ఊఁ.”

“ఎనక మోతోడు నోరు మూసుకోకూడదురా.”

“ఊఁ.”

“ఊఁ కాదు. ఏదో ఒకటి సెప్పాల.”

ఫల్గుణ చాలాసేపు వెతుక్కున్నాడు. “తాడు బిగుతుగుందేటి మావా?” అన్నాడు చివరికి. ముందునుంచి ధర్మ నవ్వాడు. “అబ్బ! కబురంటే అదీ. నాకు నిద్దరొత్తంది బావా, ఆపు.”

గెడ్డ అవతల అంబులెన్సు ఆగి ఉంది. హేమలత పొద్దున్నే వచ్చి దాన్ని ఆపి ఉంచింది. నీళ్ళలో దిగి ఎదురొచ్చి, అందరికంటే ముందు డోలీ కిందికి వంగి చూసింది. కొక్కేనికి సంచి, సంచిలో పసరు. “ఇదెవరి తెలివి తాతా?” అంది. హేమలత ఫల్గుణ వైపు చూడబోయి మానుకుంది. చెప్పడం మరిచిపోయిన రోజు ఆమెకూ గుర్తే.

పాడేరు ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలోకి తీసుకెళ్ళి, గొట్టంలోంచి రంగు మందు ఎక్కించి చూశారు. చల్లటి బల్ల. కదలొద్దన్నారు, గాసి కదల్లేదు. తర్వాత డాక్టరమ్మ గదిలో కూర్చోబెట్టారు. చిన్న వయసు, పల్లపు ఊరి మాట. విశాఖతో ఫోన్లో మాట్లాడి వచ్చి, కుర్చీ అతని ముందుకు జరుపుకుని కూర్చుంది.

“తాతగారూ, మందు లోపలికి పోతోంది. కానీ దారంలా సన్నగా పోతోంది. రాళ్ళు అక్కడే ఉన్నాయి. ఇప్పుడు గొట్టం తీసేస్తే ఏదో ఒకరోజు ఆ దారి మూసుకుపోతుంది, మళ్ళీ చీము పడుతుంది. కోసి తీసేద్దామంటే మీ గుండె ఒప్పుకోదు. అందుకని రెండే ఉన్నాయి. ఈ గొట్టం ఉంచి, మూడు నెలలకోసారి కొత్తది మార్చుకోవడం. లేదంటే విశాఖలో నోటి నుంచి కెమెరా గొట్టం పంపి, లోపలే దారి పెట్టడం. అప్పుడు పసరు పేగులోకే పోతుంది, సంచి ఉండదు.”

“అదే పెట్టండమ్మా,” అన్నాడు గాసి వెంటనే. ఆ మాట చాలా రోజులుగా నోట్లో పెట్టుకుని ఉన్నాడు.

“పూర్తిగా వినండి. అది కోత కాదు గానీ, దానికీ మత్తివ్వాలి. మామూలు మనిషికైతే నేనే పంపేదాన్ని. మీ గుండె ఇప్పుడున్న తీరులో ఆ మత్తులోంచి లేవకపోవచ్చు. అక్కడి డాక్టరు కూడా అదే అన్నారు. మీరు కావాలంటే చేస్తారు. మీకు తెలిసి ఒప్పుకోవాలి.”

“తెలిసే సెప్తన్నానమ్మా. లేస్తే లేస్తాను. లేపోతే...” చేత్తో గాలిలో ఏదో తుడిచేసినట్టు అన్నాడు. “ఎవులికీ మోత ఉండదు.”

తలుపు దగ్గర నిలబడ్డ ఫల్గుణ ఒక అడుగు లోపలికి వేశాడు.

“ఉండకపోడమేటి?” అన్నాడు. గొంతు పెద్దగానే వచ్చింది. డాక్టరమ్మ తలెత్తి చూసింది. “ఆడ పోతే ఎవుడు తెత్తాడు నిన్ను? ఆడనుంచి గెడ్డ దాకా బండి తెత్తాది. గెడ్డ నుంచి ఎవుడు? అప్పుడూ నానే గదా. పలకనోణ్ణి మొయ్యడం కన్నా తిట్టేవోణ్ణి మొయ్యడం తేలిక మావా.”

“నీ బుజం నీదేటిరా? నీకు పెళ్ళాం ఉంది, ఆడగుంట ఉంది, తోటుంది.”

“నీకు లేదేటి తోట? నువ్వు మొయ్యలేదేటి? మా అమ్మని మోసినావు. నన్ను కడుపులో ఎట్టుకునున్నప్పుడు మోసినావు. అప్పుడు మీ తోటలో పండు ఎవులు కోసినారు?”

ఆ సంగతి గాసి మరిచేపోయాడు. చెల్లెల్ని దించిన రోజు వాన పడుతోంది. పుట్టకముందే ఈ గుంటణ్ణి మోశాడన్నమాట. ఫల్గుణ ఆయాసపడుతున్నాడు. చొక్కా గుండీ ఊడి, మెడ పక్కన ఎర్రగా కమిలిన చోటు కనిపిస్తోంది. చుట్టూ చర్మం అప్పుడే మందమెక్కుతోంది. గాసి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

“కాయ కాసిందేటిరా?” అన్నాడు.

ఫల్గుణ చెయ్యి అక్కడికి వెళ్ళింది. “కాసింది.”

డాక్టరమ్మ ఎదురుచూసింది. కిటికీ బయట జీపువాడు ఊళ్ళ పేర్లు అరుస్తున్నాడు. గాసి తన సంచి వైపు చూసుకున్నాడు. కుర్చీ కోడు పక్కన నేలకు ఆనీ ఆనకుండా ఉంది అది.

“ఉంచీయండమ్మా,” అన్నాడు.

తిరిగి గెడ్డ దగ్గరికొచ్చేసరికి సాయంత్రమై ఎండ కొండ నెత్తికెక్కింది. చలి మొదలైంది. హేమలత పట్టీ సరిచూసి, మూడు నెలలకు తనే వస్తానని చెప్పి వెనక్కి వెళ్ళింది. ఈసారి గాసి నడుస్తాననలేదు. తనే దుప్పటి అంచు పట్టుకుని ఎక్కాడు. “సంచి,” అన్నాడు ఫల్గుణతో. “తగిలించినాను మావా.” “తెలుసు. ఊరికే అన్నాను.”

ఎక్కుడులో తల ముందుకు, కాళ్ళు వెనక్కి. అందుకని వెనకవాడూ డోలీలో మనిషీ ఎదురెదురుగా ఉంటారు. గాసి ఫల్గుణ ముఖం చూస్తున్నాడు, ఫల్గుణ గాసి ముఖం చూస్తున్నాడు. ఇద్దరి నోళ్ళలోంచీ ఆవిరి వస్తోంది. మోసేవాడిది గుప్పుగుప్పున, పడుకున్నవాడిది సన్నగా.

పనస బండ మీద ఒకసారి దించి ఊపిరి పీల్చుకున్నారు. మళ్ళీ ఎత్తుకున్నాక గాసి అన్నాడు.

“ఆ రోజు నానున్నా కర్రకే కట్టుదును.”

ఫల్గుణ అడుగు ఒక్క క్షణం ఆగి కదిలింది.

“అన్నీ కర్రకే కట్టినోణ్ణి నాను. నీకు నేర్పిందీ నానే. సంచి సంగతి నాకేటి తెలుసు, నీకేటి తెలుసు.” చొక్కా మెడ దగ్గరికి లాక్కున్నాడు. “మీ యత్తకి సెప్పు, తోక ఉండిపోనాదని. ఏడిపిస్తాది.”

“నువ్వే సెప్పు.”

“ఊఁ,” అన్నాడు గాసి. ఈసారి ఊఁ అతనిది.

దారి మలుపు తిరిగింది. ఒక పక్క కాఫీ తోట, ఎర్రపళ్ళు నీడలో నల్లగా కనిపిస్తున్నాయి. ఇంకో పక్క లోయ నిండా మంచు లేస్తోంది. గాసి కళ్ళు కాఫీ చెట్ల వైపు తిరిగి, అక్కడే ఉన్నాయి. ఫల్గుణ అతని ముక్కు దగ్గర సన్నటి ఆవిరిని చూస్తూ నడుస్తున్నాడు. అది వచ్చింది. పోయింది. కాసేపటికి మళ్ళీ వచ్చింది. తర్వాత రాలేదు.

ఫల్గుణ ఇంకో నాలుగడుగులు వేశాడు. ఇంకా కొన్ని వేశాడు. ఆవిరి ఒక్క తన నోట్లోంచే వస్తోంది. భుజం మీద కర్ర బరువు మారలేదు.

“మావా,” అన్నాడు. భుజం మీద కర్ర సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. “మావా, మళ్ళీ దిగేతలికి కాఫీ పూత వత్తాది గదా. ఈ దారమ్మట తెల్లగా ఉంటాది. వాసనకి నీకు తల తిరుగుతాది సూడు. మా గుంట పూలు కోసేస్తాదని దాని తల్లి తిడతాది. ఇది విన్నావేటి? మొన్న మేకపిల్లకి పాలసీసా ఎట్టి, సంచి తగిలించుకుని, తాతలాగ నడుస్తానని పెరడంతా తిరిగింది. ఎంతకని నవ్వుతాం సెప్పు. మల్లేశు మావ సూసి, ఇదిగో ఇంకో గాసి వచ్చినాడన్నాడు...”

“ఏటి బావా,” ముందునుంచి ధర్మ అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. “ఇవాళ నోరు తెరిసినావు?”

“మావ అడుగుతన్నాడు. నువ్వు దారి సూడు.”

“సూత్తన్నాను. సెప్పు సెప్పు. తర్వాతేటి సేసింది నీ గుంట?”

ఫల్గుణ చెప్పాడు. మేకపిల్ల గురించి, సంచి గురించి, ఆ గుంటకి ఊడి ఇంకా రాని పళ్ళ గురించి. కళ్ళలోంచి కారేదాన్ని తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేదు. జీలుగు చెట్టు పొడుగాటి మట్టలు మంచులోంచి కనిపించేదాకా చెబుతూనే ఉన్నాడు. ధర్మ రెండుసార్లు పైకే నవ్వాడు. బండ మీద మెల్లగా దించారు. ధర్మ భుజం రుద్దుకుంటూ, నవ్వు ముఖంతోనే వెనక్కి తిరిగాడు.

ఫల్గుణ అప్పటికే వంగి, కొక్కెం నుంచి సంచి తీస్తున్నాడు. సంచి ఇంకా వెచ్చగా ఉంది.

డోలీ ఇప్పుడు ఫల్గుణ ఇంటి చూరు కింద ఉంటుంది. పాత దుప్పటి గాసితోనే పోయింది. కొత్తది కట్టేటప్పుడు ధర్మ నీలం తాడు విప్పబోతే ఫల్గుణ చెయ్యి అడ్డం పెట్టాడు. కాఫీ పూత విచ్చుకున్న వారంలో ఒక నిండు చూలాలిని గెడ్డకు దించారు. ఆమె చెప్పులు, నీళ్ళ సీసా, మూట ఎప్పటిలాగే కర్రకే కట్టారు. దారి పొడుగునా ఫల్గుణ కబుర్లు చెబుతూనే ఉన్నాడు. దుప్పటి కింద కాఫీ కొమ్మ కొక్కెం, నున్నగా, ఖాళీగా, ఊగుతూ వచ్చింది.